ప్రేమ సర్కారుది, పర్సు విద్యార్థిది

ఐర్లండ్ సర్కారుకు ఐరిష్ భాషంటే ప్రాణం. 1937 నాటి రాజ్యాంగంలోనే దానికి మొదటి అధికార భాషగా పెద్దపీట వేసి, ఇంగ్లిష్‌ను రెండో స్థానంలో కూర్చోబెట్టారు. 2007లో యూరోపియన్ యూనియన్‌లోనూ అధికార హోదా తెచ్చిపెట్టారు. ప్రైమరీ బడిలో ఐరిష్ తప్పనిసరి. డబ్లిన్‌లో స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలు కూడా, ఇంట్లో తెలుగు నత్తినత్తిగా నడుస్తున్నా, బడిలో ఐరిష్ పాఠం అప్పజెప్పాల్సిందే. ఇంత ప్రేమలో లోటల్లా ఒక్కటే. హోటల్లో బిల్లు రాగానే చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయే స్నేహితుడి లక్షణం ఆ సర్కారుకు కొంచెం ఉంది.

ప్రైమరీ టీచరు కావాలనుకున్న ప్రతి విద్యార్థీ గేల్‌టఖ్త్‌లో, అంటే ఇప్పటికీ ఐరిష్ మాట్లాడుకునే పల్లెల్లో, కొన్ని వారాలు ఉండి రావాలి. కన్నెమరాయో, డోనెగాలో, కెర్రీలో డింగిల్ వైపో. శిక్షణలో అదొక భాగం, ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఆలోచనకు నేను వంక పెట్టను. నాలుగు గోడల మధ్య వ్యాకరణం బట్టీపట్టినవాడు పిల్లలకు భాష చెబితే ఎలా ఉంటుందో మనకు తెలియనిదా?

కథ అడ్డం తిరిగింది బ్యాంకుల దగ్గర. 2008 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో సర్కారు బ్యాంకుల అప్పులకు పూచీ పడింది. వాటిని నిలబెట్టడానికి చివరికి 6,400 కోట్ల యూరోలు పోశారు. 2010 నవంబరు కల్లా ఐఎంఎఫ్, యూరప్ పెద్దలు వచ్చి ఖర్చుల పద్దు ముందేసుకుని కూర్చున్నారు. అంత పెద్ద బొక్క పూడ్చాలంటే ఎక్కడో ఒకచోట తవ్వాలి కదా. కాబోయే టీచర్ల దగ్గర తవ్వారు. 2011లో కొత్తగా చేరే టీచర్ల జీతం పది శాతం కోశారు. 2012లో మూడేళ్ళ బీఎడ్‌ను నాలుగేళ్ళు చేశారు. ఆ పొదుపు రోజుల్లోనే, గేల్‌టఖ్త్ ఖర్చుకని విద్యార్థులకు అప్పటిదాకా ఇస్తున్న గ్రాంటుకూ మంగళం పాడారు. గ్రాంటు పోయిందిగానీ నిబంధన చెక్కుచెదరలేదు. పొదుపు కత్తికి ఏది తెగాలో ఏది తెగకూడదో బాగా తెలుసు.

ఆ రోజుల్లో లిమరిక్‌లో చదివే ఓ అమ్మాయిని ఊహించుకోండి. కన్నెమరాకు బయల్దేరుతుంది. కోర్సుకూ బసకూ వందల యూరోలు కట్టింది. లిమరిక్‌లో గది ఖాళీ చేస్తే మళ్ళీ దొరకదు, కాబట్టి ఆ అద్దె కూడా నడుస్తూనే ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో శనాదివారాల కౌంటరు పనికి సెలవు పెడితే ఆ కూలీ పోయినట్టే. పల్లెలో ఇంటావిడ మంచిదే, కడుపునిండా బంగాళాదుంపలు పెడుతుంది. పొద్దున క్లాసు, రాత్రి అందరూ చేతులు పట్టుకుని ఆడే కేలీ డాన్సు. ఇంగ్లిష్ మాత్రం నోట రాకూడదు. మరి ఖాతా అడుగంటి బ్యాంకుకు ఫోన్ చేయాలంటే? పెరటి గోడ వెనక నక్కి, గొంతు తగ్గించి, దొంగసారా అడిగినట్టు ఇంగ్లిష్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ అడుక్కోవాలి. పూచీ పడ్డానికి బ్యాంకులకైతే సర్కారు ఉంది, ఈ పిల్లకెవరున్నారు?

ఇందులో ఇంకో తమాషా. ఐరిష్ నేర్చుకోవడానికి వేసవి కాలేజీలకు వచ్చే పిల్లలకు బస ఇచ్చే గేల్‌టఖ్త్ ఇళ్ళకు సర్కారు తలకింత చొప్పున సాయం చేస్తుంది. పాపం, చేయాల్సిందే, ఆ పల్లెలు బతకాలి. అంటే గ్రాంటు లేని ఆ రోజుల్లో పిల్లాడు వెళ్తే భాషాసేవ, అదే పిల్లాడికి రేపు పాఠం చెప్పబోయే టీచరు వెళ్తే సొంత ఖర్చు.

2022 జనగణనలో సుమారు 18 లక్షల 70 వేల మంది తమకు ఐరిష్ వచ్చని రాయించుకున్నారు. బడి బయట రోజూ మాట్లాడేది 72 వేల మంది. ఈ రెండు అంకెల మధ్య అగాధానికి వంతెన కట్టే పని టీచరమ్మ నెత్తిన పెట్టారు. ఇటుకలు కూడా ఆవిడనే కొనుక్కోమన్నారు.

2010ల దశాబ్దం చివరికొచ్చేసరికి సర్కారు మనసు కరిగి, ప్రైమరీ టీచర్లు కాబోయే విద్యార్థుల గేల్‌టఖ్త్ ఖర్చుకు మళ్ళీ డబ్బు విదిల్చింది. సంతోషం. మధ్యలో జేబులోంచి కట్టుకున్న బ్యాచ్‌ల సంగతేమిటంటారా? 2003 నాటి అధికార భాషల చట్టం వాళ్ళకొక హక్కు ఇచ్చింది. సర్కారు ఆఫీసుకు ఐరిష్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, వాళ్ళు ఐరిష్‌లోనే బదులివ్వాలి. కుదరదు అని రాయాల్సి వచ్చినా సరే, ఆ ముక్క ఐరిష్‌లోనే రాసి తీరాలి.