జూన్ 26 గట్టెక్కడం ఎలా?

బళ్ళు తెరిచి రెండు వారాలు అయ్యీ అవకుండానే మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వచ్చి నెత్తిన కూర్చుంటుంది. 1987లో ఐక్యరాజ్యసమితి పెట్టిన రోజు, ఎగ్గొట్టడం కుదరదు. ఆలమూరు మండలంలోని మాస్టార్లూ, కంగారు పడకండి. పిల్లల్లో ఇసుమంత మార్పు రాకుండా, ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేలా పని కానిచ్చే పద్ధతి ఇదిగో.

1. ముందు ఫ్లెక్సీ కొట్టించండి. దాతల మొహాలు పెద్దవిగా, 'డ్రగ్స్ వద్దు బ్రో' అన్న మాట అడుగున చిన్నగా ఉండాలి. సంవత్సరం వేయించొద్దు. నాలుగేళ్ళు వాడుకోవచ్చు.

2. ర్యాలీ ఎండ నడినెత్తికి వచ్చాక మొదలెట్టండి. నినాదాలకి పిల్లల గొంతులు ఎండిపోవాలి. గేటు ఎదుటి బడ్డీ కొట్టు దగ్గరే ఆపండి, సోడాలు అక్కడే దొరుకుతాయి.

3. ఇక ఆ బడ్డీ కొట్టు సంగతి. అసలు నేర్పరితనం ఇక్కడే చూపించాలి. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు పొగాకు సరుకు అమ్మకూడదు, 18 ఏళ్ళు నిండనివాళ్ళకైతే ఎక్కడా అమ్మకూడదు. తిన్నగా కొలిస్తే దొరికిపోతారు. ప్రహరీ వెనక నుంచి బయల్దేరి, గుడి చుట్టూ తిరిగి, కాలవ గట్టు మీదుగా వచ్చి కొలవండి. 100 గజాలు దాటి తీరుతుంది. హద్దుకి పసుపు గీత గియ్యమంటే పసుపు నీళ్ళతో గియ్యండి, మొదటి వానకే పోతుంది. తనిఖీ ఉందని తెలిస్తే ముందురోజే "బాబాయ్, రేపొక్కపూట దండ దించవా" అనండి. జీడీల సీసాల పైన వేలాడే గుట్కా పొట్లాల దండ బిస్కెట్ల అట్టపెట్టెలోకి పోతుంది. జీపు మలుపు తిరగ్గానే మళ్ళీ మేకుకెక్కుతుంది. పిల్లలకి పొగాకో మత్తుమందో ఇస్తే బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఈ ముక్క బాబాయికి చెప్పకండి, పాపం రాత్రి నిద్రపట్టదు.

4. ఉపన్యాసం గంటన్నర ఉండాలి. మత్తుమందుల పేర్లన్నీ వరసగా చెప్పించండి. తెలియనివాళ్ళకీ తెలుస్తాయి. ప్రశ్నలకి మాత్రం టైము ఇవ్వొద్దు. "ఒక్కసారికేం కాదురా" అని స్నేహితుడు బలవంతపెడితే ఏమనాలో పిల్లల చేత సాధన చేయించమంటారు కొందరు. అది పాఠం చెప్పినంత పని, మనకెందుకు?

5. గంజాయి మన ఊరిది కాదని గట్టిగా చెప్పండి. అది పాడేరు వైపు కొండల్లోది, ఒడిశా సరిహద్దుది. అటు విశాఖ నుంచి వచ్చే 16వ నంబరు హైవే మన జొన్నాడ మీదుగానే పోతుంది కదా అని ఎవరైనా అంటే, బళ్ళన్నీ ఆగకుండా గౌతమి వంతెన దాటి రావులపాలెం వెళ్ళిపోతాయని నమ్మండి. నమ్మడానికి ఖర్చేముంది?

6. ఓ కుర్రాడు ఉన్నట్టుండి పాత నేస్తాల్ని వదిలేశాడు, బడికి నాగాలు పెడుతున్నాడు, ఇంట్లో డబ్బులు మాయమవుతున్నాయి. కూర్చోబెట్టి మాట్లాడితే కథ బయటికొస్తుంది, ఆ తర్వాత మీకే పని. టీసీ చేతిలో పెట్టండి, పక్క మండలం చూసుకుంటుంది. తండ్రి ఎలాగూ "మావోడు అలాంటోడు కాదండీ, ఆయ్" అనే అంటాడు. వ్యసనం జబ్బేననీ, దానికి వైద్యం ఉందనీ, 14446కి ఫోన్ చేస్తే దారి చెబుతారనీ ఆయనకి చెప్పారో, పిల్లాడు బాగుపడి మళ్ళీ మీ క్లాసుకే వచ్చేస్తాడు.

7. తల్లిదండ్రులూ ఓ చెయ్యి వేయాలి. నాన్నగారు సిగరెట్టుకి పిల్లాణ్ణే పంపాలి. చిల్లర లెక్కలొస్తాయి.

8. ప్రతిజ్ఞ చేయించేటప్పుడు మీ చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె కనబడకుండా చూసుకోండి. ఫొటోలో పడుతుంది.

9. 2024లో రాష్ట్ర పోలీసుల్లో మాదకద్రవ్యాల కట్టడికి ఈగల్ విభాగం వచ్చాక బళ్ళలో ఈగల్ క్లబ్బులూ వచ్చాయి. రిజిస్టరు కొనండి. ఏడాది సమావేశాలన్నీ ఒక్క పూటలో రాసెయ్యండి, నెలకో పెన్ను మార్చడం మాత్రం మరవకండి.

చివరిగా ఒక జాగ్రత్త. గంజాయి, డ్రగ్స్ సమాచారం చెప్పడానికి 1972 అనే టోల్ ఫ్రీ నంబరు ఉంది, చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టరు. దాన్ని గోడ మీద రాయించక తప్పకపోతే బీరువా వెనక రాయించండి. పిల్లలు చదివితే నిజంగానే ఫోన్ చేసేస్తారు!