ఒప్పందానికి శూన్యమాసం

మా వీధి పురోహితుడిగారిని ఆషాఢంలో ముహూర్తం అడిగితే పంచాంగం తెరవను కూడా తెరవరు. "శూన్యమాసమండీ, శ్రావణంలో చూద్దాం" అంటూ సంచీ సర్దుకుంటారు. అమెరికావాళ్ళకు ఇలాంటి పట్టింపుల్లేవనుకుంటాం గానీ, ఉన్నాయి. నాలుగుతో భాగిస్తే శేషం మిగలని సంవత్సరమంతా వాళ్ళకు శూన్యమాసమే. అధ్యక్ష ఎన్నికలొచ్చే ఆ ఏడు క్యాలెండర్లో ఒక రోజు ఎక్కువే, కానీ వాణిజ్య ఒప్పందానికి మంచిరోజు దొరకడం కష్టం. 2008నే తీసుకోండి. మునిగిపోతున్న బ్యాంకుల కోసం 70,000 కోట్ల డాలర్లు మంజూరు చేయడానికి అమెరికా కాంగ్రెస్‌కు తీరిక దొరికింది. కొలంబియాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద ఓటు వేయడానికి మాత్రం దొరకలేదు.

తాంబూలాలు 2006 నవంబరు 22నే పుచ్చుకున్నారు, వాషింగ్టన్‌లో. పెళ్ళిపెద్ద జార్జి బుష్‌గారు ఎదురుచూసి, ఎదురుచూసి, 2008 ఏప్రిల్ 8న శుభలేఖ కాంగ్రెస్ గుమ్మంలో పడేశారు. మూఢంలో పడేశారని ఆయనకూ తెలుసు.

ఇంతకీ కట్నకానుకల సంగతి చూద్దాం. ఫిబ్రవరి 14న అమెరికా కుర్రాడు ప్రియురాలి చేతిలో పెట్టే గులాబీ ఉందే, అది చాలావరకు బొగోటా చుట్టుపక్కల తోటల్లో కోసి, అట్టపెట్టెల్లో పేర్చి, విమానంలో తెచ్చి మయామీలో దించిన సరుకు. దానికి అప్పట్లో సుంకం లేదు. కోకా పంట మానేసి ఇంకేదైనా పండించుకోండని 1991లో చేసిన ఒక చట్టం కింద మాఫీ అది. ఆ రకంగా కొలంబియా సరుకులో తొంభై శాతానికి పైగా అప్పటికే ఉచితంగా లోపలికొచ్చేస్తోంది. సుంకం కట్టి లోపలికెళ్ళాల్సింది అవతలి గుమ్మంలో, అమెరికా సరుకు. అంటే, ఒప్పందాన్ని ఆపితే ఆగేది గులాబీ కాదు, అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో కొలువున్న క్యాటర్‌పిల్లర్ కంపెనీవారి బుల్‌డోజరు. అప్పటి ఇల్లినాయ్ సెనేటరుగారి పేరు బరాక్ ఒబామా. ఆయన ఈ పెళ్ళికి వ్యతిరేకం. కాగితాలు ఎవరు చదువుతారు చెప్పండి, ఎన్నికల్లో!

అప్పటికే ఫ్యాక్టరీలు మూతబడ్డ ఒహాయోలో డెమొక్రాటిక్ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ హోరు నడిచింది. కెనడా, మెక్సికోలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందం నాఫ్టా అంటే అక్కడ బూతుమాట. ఆ ఒప్పందం చట్టం మీద 1993లో సంతకం పెట్టింది అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్. పదిహేనేళ్ళ తర్వాత ఆయన భార్య హిల్లరీ, ఒబామా ఇద్దరూ క్లీవ్‌లాండ్ వేదిక మీద, షరతులు మార్చకపోతే నాఫ్టా నుంచి తప్పుకుంటామని బెదిరించడానికైనా సిద్ధమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అంతకు రెండున్నర వారాల ముందే ఒబామా ఆర్థిక సలహాదారొకాయన షికాగోలోని కెనడా కాన్సులేట్‌కు వెళ్ళి మాట్లాడి వచ్చారు. ఈ ఆవేశమంతా రాజకీయావసరమేనన్న అర్థం వచ్చేలా కెనడా అధికారులు కాగితం మీద రాసుకున్నారు. నేనలా అనలేదని ఆయన. ఆ కాగితం సరిగ్గా ఒహాయో ఓటింగు ముందురోజు పేపర్లకెక్కింది. కెనడా చెవిలో గుసగుస, ఓటరు చెవిలో పువ్వు. ఆ పువ్వు ఏ దేశానిదో నన్నడక్కండి.

జూన్‌కల్లా నామినేషన్ ఖాయమయ్యాక, ప్రచారంలో మాటలు కాస్త వేడెక్కుతాయని ఒబామాయే ఒక పత్రికతో ఒప్పుకున్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య. అవతల రిపబ్లికన్ జాన్ మెకెయిన్ ఏట్లో దిగకముందే బోడి మల్లయ్య అన్నాడు: మిషిగన్‌కు వెళ్ళి, పోయిన ఉద్యోగాల్లో కొన్ని ఇక తిరిగి రావని చెప్పాడు. అక్కడ ఓడిపోయాడు. మళ్ళీ అంత తెలివితక్కువ పని ఇంకెవరూ చేసినట్టు గుర్తులేదు.

ఈ పెళ్ళికో పేరయ్య కూడా ఉన్నాడు. మార్క్ పెన్. పగలు హిల్లరీ ప్రచారానికి ముఖ్య వ్యూహకర్త, అంటే ఈ సంబంధం వద్దనే పక్షం. అదే మనిషి ఒక పెద్ద ప్రజాసంబంధాల సంస్థకు అధిపతి. ఆ సంస్థకు కొలంబియా ప్రభుత్వం ఖాతాదారు. ఒప్పందం ఎలా గట్టెక్కించాలో మాట్లాడడానికి ఆయన కొలంబియా రాయబారిని కలిశాడు. విషయం బయటపడింది. అది పొరపాటేనన్నాడు. మమ్మల్ని కలవడం పొరపాటా అని కొలంబియాకు రోషం వచ్చి సంస్థను తీసేసింది. ఆ మర్నాడు వ్యూహకర్త పదవీ పోయింది. రెండు ఇళ్ళ చుట్టం కూడు లేక చచ్చినట్టయింది. ఇక హిల్లరీగారి ఇంట్లో బిల్‌గారు ఒప్పందానికి అనుకూలం. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు.

ఫాస్ట్‌ట్రాక్ నిబంధన ప్రకారం ఒప్పందం కాంగ్రెస్‌కు చేరితే సవరణల్లేకుండా 90 పనిదినాల్లో అవునో కాదో తేల్చాలి. దానికీ మందుంది. ఏప్రిల్ 10న స్పీకర్ నాన్సీ పెలోసీ ఆధ్వర్యంలో ప్రతినిధుల సభ 224–195తో ఆ గడువునే ఎత్తేసింది. ఒప్పందం వద్దనలేదు, కావాలనలేదు. పీటల మీద కూర్చోబెట్టి గోడగడియారంలో బ్యాటరీ తీసేశారు, అంతే. పెన్సిల్వేనియా ప్రైమరీకి అప్పటికి సరిగ్గా పన్నెండు రోజులు.

వాళ్ళు చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి మాత్రం నవ్వులాట కాదు. కొలంబియాలో అంతకుముందు రెండు దశాబ్దాల్లో రెండు వేలమందికి పైగా కార్మిక సంఘాల వాళ్ళను చంపేశారు. చంపినవాళ్ళలో ఎక్కువమందికి శిక్షే పడలేదు. 2011 ఏప్రిల్‌లో కార్మికుల రక్షణకని ఒక కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నారు. హత్యలు ఆ తర్వాతా ఆగలేదు. ఎన్నికల వేదికల మీద వాళ్ళ ఊసు మాత్రం మళ్ళీ నా చెవిన పడలేదు.

2011ని నాలుగుతో భాగిస్తే శేషం మూడు. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్టోబరు 12న ప్రతినిధుల సభలో 262–167, సెనేట్‌లో 66–33. సంతకం పెట్టింది అధ్యక్షుడు ఒబామా. ఒప్పందం కావాలని గట్టిగా చెప్పినవారిలో విదేశాంగ మంత్రి హిల్లరీ కూడా ఉన్నారు. కాపురానికి పంపింది 2012 మే 15న.

మనకీ బాధ లేదు. మన దేశంలో వాణిజ్య ఒప్పందానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదిస్తే చాలు, పార్లమెంటులో ఓటింగే అక్కర్లేదు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో ఢిల్లీలో సంతకాలు 2024 మార్చి 10న జరిగాయి. ఆదివారం, సెలవు రోజు. లోక్‌సభ ఎన్నికల కోడ్ కూసింది మార్చి 16న. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ మా వీధి పురోహితుడిగారికన్నా గట్టివాడు. శుభలేఖ మర్నాడు పేపర్లో చూసుకున్నాం. భోజనాలు ఎక్కడో ఎవరూ చెప్పలేదు.