తలలు లెక్కపెట్టే దుమ్ము

2025 నవంబరు 21 నుంచి మన దేశంలో దుమ్ముకు లెక్కలొచ్చేశాయి. ఆ రోజు 29 చట్టాలను మడిచి నాలుగు లేబర్ కోడ్‌లు చేసి అమల్లో పెట్టారు కదా, అందులో వృత్తి భద్రత కోడ్ తిరగేశాకే నాకీ శుభవార్త తెలిసింది. పది మందికి తక్కువ పనిచేసే చోట జరిగేది ఆ కోడ్ దృష్టిలో నిర్మాణ పనే కాదు. సొంతానికి కట్టుకునే ఇంటి ఖర్చు 50 లక్షలు దాటకపోతే అదీ కాదు. ఇంత పెద్ద ప్రభుత్వం ఆలోచించకుండా రాస్తుందా? దుమ్ముతో ముందే మాట్లాడుకుని ఉంటుంది.

పాత 1996 చట్టంలోనూ పది మంది లెక్క ఉందిగా అంటారేమో. ఉంది. కానీ అప్పట్లో ఇంటి ఖర్చు హద్దు పది లక్షలే. ఇప్పుడు యాభై. దుమ్ము పెద్ద చదువులు చదివింది మరి.

మియాపూర్‌లో ఓ కొత్త ఫ్లాట్ అనుకోండి. గృహప్రవేశం వారంలో ఉంది. వంటగదికి తెల్లటి క్వార్ట్జ్ స్లాబు దిగింది. పాత గ్రానైట్‌లో సిలికా మూడో వంతుకు అటూఇటూగా ఉంటే, రాతిపొడిని జిగురుతో అంటించి చేసే ఈ కొత్త రాయిలో తొంభై శాతం పైమాటే. మేస్త్రీ, కటింగ్ కుర్రాడు, హెల్పరు వచ్చారు. కుర్రాడు సింకు కొలత గీశాడు, మూతికి చేతిరుమాలు కట్టాడు, గ్రైండరు ఆన్ చేశాడు. గదంతా తెల్లగా కమ్ముకుంది.

దుమ్ము పైకి లేచి తలలు లెక్కపెట్టింది. ‘ఒకటి, రెండు, మూడు. ఇంకా ఏడుగురు తక్కువర్రా. మనం ఎవరి జోలికీ పోకూడదు. పదండి, కిటికీ గట్టు మీద కూర్చుందాం.’

ఇంతలో టీ కుర్రాడు వచ్చాడు. కూలీ కాడు కాబట్టి లెక్కలోకి రాడు. ఓనరు గారి బావమరిది వచ్చి పని ఎలా సాగుతోందో చూశాడు. ఆయనా రాడు, ఆయన ఎక్కడా ఏ పనీ చేయడు. పెయింటర్లు నలుగురు, ప్లంబరు, ఎలక్ట్రీషియను దిగేసరికి దుమ్ములో కలకలం రేగింది. తొమ్మిది! లిఫ్టులోంచి ప్లైవుడ్ మోసుకొస్తున్న పదోవాణ్ణి చూసి దుమ్మే గుమ్మం దగ్గర అడ్డం పడింది: ‘బాబ్బాబు, అక్కడే ఆగు. నువ్వు కాలు లోపల పెట్టావంటే మేం ఊపిరితిత్తుల్లోకి వెళ్లక తప్పదు. చట్టానికి కట్టుబడిన ప్రాణాలం!’

ఊళ్లో సొంతిల్లు కట్టుకునేవాళ్ల దగ్గరైతే దుమ్ము ముందు ఎస్టిమేటు అడుగుతుంది. నలభై తొమ్మిదిన్నర లక్షలా? కాళ్లు చాపుకుని పడుకుంటుంది. ఓనరుకు హోం థియేటర్ ముచ్చట పుట్టి లెక్క యాభై ఒకటికి చేరిందా, లేచి చొక్కా చేతులు మడుస్తుంది. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలని ప్రకటించారు కాబట్టి, మర్యాద కొద్దీ ఆధార్ కార్డు కూడా చూస్తుంది. ‘1999 పుట్టుకా నాయనా? నలభై నిండడానికి నీకింకా చాలా గడువుంది. హాయిగా పీల్చుకో.’

ఆస్ట్రేలియా దుమ్ముకు ఈ సంస్కారం లేదు. తలలు లెక్కపెట్టకుండా, వయసు అడగకుండా ముప్పైల్లో ఉన్న రాతిపనివాళ్లను కూడా పట్టుకుంది. దానికి చదువు చెప్పించడం చేతకాక అక్కడివాళ్లు 2024 జూలై 1 నుంచి ఈ క్వార్ట్జ్ రాయి తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ నిషేధించారు. మనం దాన్ని షోరూముల్లో లైట్లు వేసి నిలబెట్టాం.

సరే, ఇక నవ్వలేను. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగే రేణువు కంటికి కనిపించదు. చేతిరుమాలు దాన్ని ఆపదు. బ్లేడు మీద నీళ్లధార పడుతూ ఉంటే చాలా దుమ్ము అక్కడే అణిగిపోతుంది, కానీ పెయింటు పాడవుతుందని ఓనరే నీళ్లు వద్దంటాడు. కొలతలు తీసుకెళ్లి షెడ్డులో నీళ్ల కింద కోయించి తేవచ్చు, కానీ ట్రాలీ కిరాయి రెండుసార్లు దండగని కాంట్రాక్టరంటాడు. నాలుగు గోడల రంగూ, ఒక ట్రాలీ కిరాయీ! వాటి కోసం ఆ కుర్రాడు పొడిపొడిగా కోస్తాడు. కొన్నేళ్లకు దగ్గు, ఆయాసం. సిలికా దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ అని చెప్పే డాక్టరు దొరికేలోగా టీబీ మాత్రలు మింగుతాడు. మచ్చపడ్డ ఊపిరితిత్తిని ఏ మందూ మళ్లీ మామూలు చేయదు. పరిహారం అడుగుదామంటే ఎవర్ని అడగాలి? ఎన్ని వంటగదుల్లో కోశాడో, ఎవరెవరి కింద కోశాడో ఏ రిజిస్టరులో ఉంది?

ప్రమాదకరమైన పని అని కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క మనిషి ఉన్నా కోడ్ వర్తింపజేసే వీలు అందులోనే పెట్టుకున్నారు. పార్లమెంటు ఆ కోడ్‌ను పాస్ చేసింది 2020లో. అమల్లోకి తెచ్చేలోగా ఐదేళ్లు చేతిలో ఉన్నాయి. ఇంకెవరిని అడిగి చేయాలి? మూసిన గదిలో గ్రైండరుతో పొడిగా రాయి కోయడాన్ని ప్రమాదకర పనుల జాబితాలో చేర్చండి. కోయించిన కాంట్రాక్టరుకూ, నీళ్లు వద్దన్న ఓనరుకూ, హెచ్చరిక లేకుండా స్లాబు అమ్మిన షోరూముకూ నోటీసులు పంపండి. ఆ గదిలో ఉన్నది ముగ్గురే అని ఎవరైనా జవాబు రాస్తే, ఆ ముగ్గురికీ ఊపిరితిత్తుల పరీక్ష ఖర్చు అతని దగ్గరే వసూలు చేయండి.