మావాడు ఏమీ అనడండీ

ముందే ఒప్పేసుకుంటున్నాను. 2023 భోగి నాడు తెల్లారగట్ల దిల్‌సుఖ్‌నగర్‌లో మా వెనక వీధి ముగ్గు మీద ఆ పని చేసింది మావాడే. ఇన్నాళ్లూ ఎవరడిగినా మాట దాటేశాను. మీరు బయటివాళ్లు, పైగా మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఇలాంటి 'మావాడు' ఒకడు ఉండే ఉంటాడు. మీతో చెప్పుకుంటే తప్పులేదు.

నేను పోటీ పరీక్షల పిల్లలకి పాలిటీ చెప్తాను. ఊళ్లోంచి వచ్చి, చైతన్యపురిలో హాస్టల్లో దిగి, బండి మీద నాలుగు ఇడ్లీలు తిని నా క్లాసులో కూర్చునే పిల్లలకి ప్రాథమిక విధులు నూరిపోస్తాను. 1976లో 42వ సవరణతో పది విధులు, 2002లో 86వ సవరణతో పదకొండోది. నిద్రలో లేపి అడిగినా క్లాజుల వారీగా అప్పజెప్తాను. అప్పజెప్పడంలో నన్ను మించినవాడు ఈ రోడ్డు మీద లేడు.

లాక్‌డౌన్ అయ్యాక పిల్లలు గోల పెడితే కుక్కపిల్లని తెచ్చామని బంధువులందరికీ చెప్పాను. అబద్ధం. గోల పెట్టింది నేను. మా తోటి లెక్చరర్ ఒకాయన ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని గేటుకి 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు తగిలించాడు. గృహప్రవేశంలో భోజనం బాగానే పెట్టారు గానీ, ఆ బోర్డు చూశాక నాకు పప్పన్నం సహించలేదు. ఆయనకి ఇల్లుంది, గేటుంది, బోర్డుంది, కుక్కుంది. నాకు మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, దాని మీద బ్యాంకు లోను. ఆ నాలుగింటిలో నా జీతానికి అందేది ఒక్క కుక్కే.

అలా లాబ్రడార్ వచ్చింది. పేరు మాండమస్ అని పెట్టాను. ఆర్టికల్ 32 కింద సుప్రీంకోర్టు, 226 కింద హైకోర్టు ఇచ్చే రిట్లలో అదొకటి. లాటిన్‌లో 'ఆజ్ఞాపిస్తున్నాం' అని అర్థం. పేరు పెట్టిన రోజునుంచి ఈనాటిదాకా వాడు నా ఆజ్ఞ ఒక్కటి పాటించలేదు. మా ఆవిడతో నల్లగొండ తెలుగు మాట్లాడే నేను, వాడితో మాత్రం ఇంగ్లీషులోకి దిగేవాణ్ణి. 'సిట్' అంటే నిలబడేవాడు, 'కమ్' అంటే పోయేవాడు. మా ఆవిడ వంటింట్లోంచి "ఇటు రారా మాండూ" అంటే చాలు, తోకతో టీపాయ్ మీది గ్లాసులన్నీ దొర్లించుకుంటూ పరిగెత్తేవాడు.

ఇక ఆ వాక్యం దగ్గరికి వద్దాం. "మావాడు ఏమీ అనడండీ." రోజుకి ఇరవైసార్లు వాడేవాణ్ణి. లిఫ్టులో రెండో అంతస్తు పెద్దాయన బల్లిలా గోడకి అతుక్కుపోయినా అదే మాట. ప్రియదర్శిని పార్కు బయట చిన్నపిల్ల ఏడుస్తూ తల్లి చున్నీలో దూరినా అదే మాట. సరూర్‌నగర్ చెరువు గాలికి గొలుసు విప్పి వదిలేసి, వాకింగ్ చేసేవాళ్లు చెల్లాచెదురవుతుంటే చేతులు కట్టుకుని చిరునవ్వుతో చూసేవాణ్ణి. నిజం చెప్పనా? ఆ పారిపోవడం నాకు నచ్చేది. నన్ను చూసి ఒక మనిషి పక్కకి తప్పుకోవడం నా జన్మలో అదే మొదలు. నా క్లాసులో పిల్లలే నాకు భయపడరు.

మాకు వాటర్ క్యాన్ వేసే కుర్రాడొకడున్నాడు. ఇరవై లీటర్లది భుజాన వేసుకుని మూడంతస్తులూ మెట్లెక్కేవాడు, ఎందుకంటే లిఫ్టులో క్యాన్లు ఎక్కించొద్దని మా అసోసియేషన్ తీర్మానం. ఒకరోజు తలుపు తీశానో లేదో మాండు వాడి మీదికి ఎగిరాడు. ఆట కోసమే! కుర్రాడు క్యాన్ వదిలేసి రెయిలింగ్ పట్టుకున్నాడు. అది మెట్టు మెట్టుకీ దుంకుతూ రెండో అంతస్తు, మొదటి అంతస్తు దాటి వాచ్‌మన్ కుర్చీ దగ్గర పగిలింది. నేను నవ్వాను. నవ్వి ఏమన్నానో మీకు తెలుసు. మరుసటి రోజు నుంచి ఆ కుర్రాడు క్యాన్ కిందే పెట్టి ఫోన్ చేసేవాడు. 'బద్ధకం, ఈ కాలం పిల్లలకి' అని మా ఆవిడతో అన్నది కూడా నేనే.

అసోసియేషన్ మీటింగులో దీని గురించి లేవదీశారు. నేను ఊరుకుంటానా! భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదు, లిఫ్టు ఎక్కొద్దనడానికీ లేదు. ఆ లైన్ల కింద ఎర్రగీత కొట్టాను. జీవుల పట్ల కారుణ్యం చూపమనే 51ఏ ఆర్టికల్ జి క్లాజు చదివి వినిపించాను. సెక్రటరీ నోరు మూతపడింది. అదే కాగితాల్లో కుక్కని బయటికి తెస్తే గొలుసు వేయాలనీ, అది మలవిసర్జన చేస్తే యజమానే శుభ్రం చేయడం మంచిదనీ కూడా ఉంది. దాని కింద గీత కొట్టలేదు. ఆ పేజీకి ఇంకు అయిపోయిందనుకోండి.

శుభ్రం చేయడమంటే గుర్తొచ్చింది. న్యూజెర్సీలో మా మేనల్లుడు కుక్క వెనకాల ప్లాస్టిక్ కవరు పట్టుకు తిరుగుతుంటే వీడియో కాల్‌లో చూసి పడీ పడీ నవ్వాను. "ఎమ్మెస్ చేసింది ఇందుకట్రా?" అన్నాను. పక్కన న్యూయార్క్‌లో 1978 నుంచే దీనికి చట్టం ఉంది మామయ్యా అన్నాడు వాడు. నా పద్ధతి వేరు. రోజుకో వీధి. సోమవారం ఒకటి, మంగళవారం ఇంకొకటి. ఏ ఒక్క వీధికీ అన్యాయం జరగకుండా సమాఖ్య స్ఫూర్తితో పంచేవాణ్ణి. వాడు నడుం వంచగానే నేను ఆకాశం చూసేవాణ్ణి. నేను చూడలేదు కాబట్టి అది జరగనట్టే.

భోగి నాడు శనివారం. వెనక వీధి వంతు. చలి, మంటల పొగ, మంకీ క్యాపు. అక్కడో ఇంటావిడ రోడ్డు సగం ఆక్రమించి రథం ముగ్గు వేసింది. రంగులు నింపింది. మధ్యలో గొబ్బెమ్మలు, గుమ్మడిపూలు, రేగుపళ్లు. రంగుపొడి డబ్బా పెట్టి రావడానికి లోపలికెళ్లినట్టుంది. మాండు ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. వాడు ప్రదక్షిణలు చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. గొలుసు లాగాలి. లాగలేదు, ఎందుకంటే అది విప్పి కోటు జేబులో పెట్టుకున్నాను. 'నో' అన్నాను. 'స్టాప్' అన్నాను. వాడు రథం నడిమధ్యన, గొబ్బెమ్మ పక్కనే, ఎంతో శ్రద్ధగా కూర్చున్నాడు. నేను ఆకాశం చూశాను. తలుపు చప్పుడైంది. పరిగెత్తబోయి, పరిగెత్తితే దొంగలా ఉంటుందని ఆగి, ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకోబోయి, మళ్లీ జేబులో వేసుకున్నాను.

"సారూ, ఈ కుక్క మీదేనా?"

"నాదా? కాదమ్మా. వీధికుక్క అనుకుంటా."

నా కోటు జేబులోంచి గొలుసు మూరెడు వేలాడుతోందని నాకు తెలియదు. ఆవిడ ఏమీ అనలేదు. నిదానంగా వెళ్లి మాండు మెడ పట్టుకుంది. వాడు మూతి నాకాడు. నిజంగానే ఏమీ అనడు కదా! వాడి మెడలో ఇత్తడి బిళ్ల ఉంది. దాని మీద 'మాండమస్' అనీ, కింద నా సెల్ నంబరూ చెక్కించింది నేనే, బిళ్లకి వంద రూపాయలిచ్చి మరీ. ఆవిడ బిళ్ల తిప్పి చూసింది, ఫోన్ తీసింది, నొక్కింది. నా జేబులో సన్నాయి మేళం మోగింది.

ఎవరైనా ఏం చేస్తారు? కట్ చేస్తారు. నేను ఎత్తాను. ఆవిడకి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎత్తి, "హలో" అన్నాను.

"హలో," అంది ఆవిడ ఫోన్లోనే, "మాండమస్ వాళ్ల నాయినేనా?"

పైన హాస్టల్ బాల్కనీలోంచి "గుడ్ మార్నింగ్ సార్!" అని వినబడింది. తలెత్తితే మా గ్రూప్-2 బ్యాచ్ బనీన్లతో వరసగా నిలబడి ఉంది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ ఆర్టికల్ ఏదో ఒకటి వెతికేవాణ్ణి. పార, చీపురు తెచ్చి చేతికిచ్చింది. శుభ్రం చేశాను. బకెట్‌తో నీళ్లు పోశాను. ఆవిడ మళ్లీ ముగ్గు వేస్తుంటే గులాబీ రంగు పొట్లం పట్టుకుని నిలబడ్డాను. "ఇంజెక్షన్లు వేయించిండ్రా దీనికి?" అనడిగింది. "అన్నీ అయ్యాయమ్మా" అన్నాను. రేబిస్ టీకా ఏటా వేయించాలి. మావాడిది ఆగస్టులోనే గడువు దాటింది. మున్సిపల్ లైసెన్సు అసలు తీసుకోనే లేదు. నంబరు చెక్కించిన ఇత్తడి బిళ్ల ఒక్కటే వాడికున్న గుర్తింపు.

పండగ తర్వాత మొదటి క్లాసులో వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, ముగ్గు కేసు 51ఏ లో ఏ క్లాజు కింద వస్తది?" సిలబస్‌లో లేదన్నాను.

మీరిక్కడ నాకు బుద్ధొచ్చిందనుకుంటారు. రాలేదు. పరువు పోతే కోపం వస్తుంది గానీ బుద్ధి రాదు. ఆ సంక్రాంతి రోజుల్లోనే పేపర్లో వార్త వచ్చింది. బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన కుర్రాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వచ్చిందట, భయంతో మూడో అంతస్తు నుంచి దూకాడట, ఆసుపత్రిలో ప్రాణం పోయిందట. నేను టీ తాగుతూ, "అది షెపర్డ్. మనది లాబ్రడార్, ఏమీ అనడు" అన్నాను. దానికి అప్పట్లో ఐపీసీ 289 అనీ, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చనీ కూడా వివరించాను. ఇప్పుడది న్యాయ సంహితలో 291, జరిమానా ఐదు వేల దాకా పెరిగింది. పిల్లలకి బిట్టుగా ఉపయోగపడుతుంది.

మా ఆవిడ పేపరు మడిచింది. "ఇరవై మూడేండ్లట," అంది. "మన క్యాన్ల పిలగాడి ఈడే. మనది కూడా మూడో అంతస్తే."

ఆ రోజు టీ పూర్తిగా తాగలేదు.

నెల దాటిందో లేదో మూసారాంబాగ్ వంతెన అవతల అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నాయి. ఆ వీడియో చూసిన ఊరు ఇక వీధికుక్కా ఇంటికుక్కా అని తేడా చూడలేదు. మమ్మల్ని చూసి పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు దాటేవాళ్లు. నోటిదాకా వచ్చిన ఆ మాటని అప్పట్నుంచీ మింగడం అలవాటు చేసుకున్నాను.

టీకా వేయించాను. లైసెన్సు తీసుకున్నాను. గొలుసు జేబులో కాదు, మెడకే ఉంటుంది. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి దానికి ఆగుతాం. వాకింగ్‌కి పాత పేపరు పట్టుకెళ్తాను. ఎక్కువగా చదువుల పేజీయే దొరుకుతుంది. మా కోచింగ్ సెంటర్ ప్రకటన, అందులో టై కట్టుకున్న నా ఫొటో, దాని మీదే ఎత్తుతాను.

క్యాన్ల కుర్రాడికి పగిలిన క్యాన్ డబ్బులిచ్చి, మాండుని కట్టేసే ఉంచుతాను, పైకి రమ్మన్నాను. "వద్దు సార్" అన్నాడు. రెండేళ్లు దాటింది, ఇంకా రాలేదు. కింద నుంచే ఫోన్ చేస్తాడు. లిఫ్టులో క్యాన్లు ఎక్కించొద్దన్న తీర్మానం అలాగే ఉంది. వారానికి మూడు క్యాన్లు, నేనే దిగి భుజాన వేసుకుని ఎక్కుతాను.