విప్పి చూస్తే పోలా!

పాత ఫోను బాగుచేయాలనుకునేవాళ్లు సొంత ఫోనుతో మొదలుపెట్టకూడదు. చేతులు వణుకుతాయి. అత్తగారి ఫోనైతే ధైర్యం దానంతటదే వస్తుంది. 2017లో కొన్నది, రబ్బరు కవరు పసుపు తిరిగినది, టెంపర్డ్ గ్లాసు ఓ మూలన విరిగినది అయితే మరీ మంచిది. "బాబూ, ఇది చార్జింగ్ ఎక్కడం లేదు, ఒక్కసారి చూస్తారా" అని ఆవిడ మీ చేతిలో పెడతారు. చూడమన్నారంటే విప్పమన్నారనే అర్థం.

చార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేసి చూడకండి. అదీ ఓ రిపేరేనా?

జబ్బు సాఫ్ట్‌వేర్‌దే అని తేల్చేయండి. మనవైపు ఫోను మొరాయిస్తే చాలు, "సాఫ్ట్‌వేర్ కొట్టించు" అనే అంటారు, స్క్రీను పగిలినా సరే. ఈలోగా బావమరిది కొడుకు వచ్చి లీనేజ్ ఓఎస్ వేద్దామంటాడు. 2016 డిసెంబరులో సైనోజెన్‌మాడ్ మూతపడ్డాక దాని కొనసాగింపుగా వచ్చింది ఇదే. కంపెనీ వదిలేసిన ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ పోసే మంచి పనే, కాదనను. కాకపోతే దానికోసం బూట్‌లోడర్ తాళం తీస్తే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు ఆ ఫోనులో తెరుచుకోవు. కుర్రాణ్ని వారించండి. తుడిచిపెట్టే పని మనమే చేసుకోగలం. ఫ్యాక్టరీ రీసెట్ ఉండనే ఉంది కదా.

రీసెట్‌కు ముందు, మిగిలిన ఆ 14 శాతం బ్యాటరీతోనే వైఫై మీద ఫొటోలు గూగుల్‌లోకి పంపేయొచ్చు. పంపకండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఎప్పుడో శుభోదయం బొమ్మలతో నిండిపోయి ఉంటుంది. తామరపూలూ కాఫీకప్పులూ ఏరుతూ కూర్చుంటే ఆదివారం కాస్తా అయిపోతుంది.

రీసెట్ సెట్టింగుల్లోంచి చేస్తే మర్యాదగా జరిగిపోతుంది. అలా వద్దు. పవరు బటనూ వాల్యూం బటనూ కలిపి నొక్కి, నల్లటి తెరలో తెల్లటి అక్షరాలు వచ్చే రికవరీలోంచి చేయండి. ఇంటిల్లిపాదికీ మీరు ఇంజనీరులా కనిపిస్తారు. ఆ గౌరవం పావుగంట నిలుస్తుంది. ఆండ్రాయిడ్ 5.1తో, అంటే 2015లో, గూగుల్ ఒక కాపలా పెట్టింది. ఇలా దొడ్డిదారిన తుడిచిన ఫోను మళ్లీ తెరవాలంటే అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డు చెప్పాలి, లేదా పాత స్క్రీన్ లాకైనా తెలియాలి. దొంగల కోసం పెట్టిన ఏర్పాటది. అల్లుళ్లకూ వర్తిస్తుంది.

ఇప్పుడు అత్తగారిని పాస్‌వర్డు అడగండి. "అదేంటి బాబూ?" అంటారావిడ. స్క్రీన్ లాకు ఆవిడ ఎన్నడూ పెట్టుకోలేదు. ఇంట్లో దొంగలెవరున్నారని? ఇక ఖాతా ఆవిడ తెరిచింది కాదు. నేనెరిగిన అరవై దాటినవాళ్లలో తన జీమెయిలు తనే తెరుచుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ల ఖాతాలన్నీ ఫోను అమ్మిన కుర్రాడు కౌంటరు మీదే, సిమ్ము వేసే ఊపులో తెరిచిచ్చినవే. పాస్‌వర్డు అతనికే తెలుసు. పరుగున ఆ షాపుకెళ్లండి. అక్కడిప్పుడు మండీ బిర్యానీ అమ్ముతున్నారు. పాస్‌వర్డు మర్చిపోయానని నొక్కితే ఓటీపీ వస్తుంది, కానీ అది మామగారి పాత నంబరుకు. ఆయన పోయాక ఆ నంబరుకు ఎవరూ రీచార్జి చేయించలేదు.

ఇదంతా అనుభవంతో చెబుతున్నదే, ఊహించి కాదు.

సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది కాబట్టి ఇక స్క్రూడ్రైవరు. స్క్రూలన్నీ ఒకే స్టీలు పళ్లెంలో వేసుకోండి. ఏది ఎక్కడిదో కాగితం మీద వరసగా అతికించుకోవడం చేతకానివాళ్ల లక్షణం. అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి గానీ వాటిలో పొట్టివీ పొడుగువీ ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కింద బోర్డు దెబ్బతింటుంది. తిరగనంటున్న స్క్రూని ఇంకో చుట్టు తిప్పనిదే మగతనం నిలవదు మరి. వెనక డొప్పను మాత్రం ఒక్క గుంజు గుంజండి. వేలిముద్ర సెన్సరు స్ట్రిప్ చాలా ఫోన్లలో దానికే అంటుకుని ఉంటుంది. అది తెగినప్పుడు చప్పుడు కాదు.

లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి కనిపిస్తే మాత్రం నా దగ్గర చెడ్డ సలహా లేదు. ఎలక్ట్రోలైట్ విరిగి లోపల గ్యాసు చేరితే అలా ఉబ్బుతుంది. నొక్కినా పొడిచినా అంటుకోవచ్చు. 2016లో శాంసంగ్ అంతటి కంపెనీ బ్యాటరీలు కాలిపోతున్నాయని గెలాక్సీ నోట్ 7 ఫోన్లన్నీ వెనక్కి పిలిపించుకుంది. చార్జింగ్ ఆపి, ఫోను కట్టేసి, షాపులో ఇచ్చేయండి. చెత్తబుట్టలో వేయకండి. ఇక మన పనిలోకి వద్దాం.

బోర్డు మీద దుమ్ముంటే తడిగుడ్డతో తుడవండి. రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇట్టే ఆరిపోతుంది. నీళ్లు చిప్పుల సందుల్లో చేరి ఓ పట్టాన ఆరవు. ఫర్వాలేదు, బియ్యం డబ్బా ఉంది. బియ్యపు నలకలు లోపలికి పోయి ఫోను పాడవుతుంది, అలా పెట్టొద్దని ఆపిల్ కంపెనీ 2024లో చెప్పింది. వాళ్లకు మన సోనా మసూరి సంగతి ఏం తెలుసు? తవుడూ ఒక పురుగూ పట్టుకుని తెల్లారేసరికి ఫోను బయటికొస్తుంది.

సోమవారం సెలవు పెట్టి అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కు వెళ్లండి. బల్ల వెనక కుర్రాడికి పట్టుమని ఇరవై ఏళ్లుండవు. కాగితంలో చుట్టి తెచ్చిన మూడు మిగులు స్క్రూలు చూసి ఏమీ అనడు, అంత సంస్కారం. ఫోను అందుకుని ముందుగా చార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేస్తాడు. పళ్లపుల్లతో మెల్లగా కెలికి చిన్న నీలం నూలుండ ఒకటి బయటికి తీస్తాడు. అత్తగారి చేతిసంచీ రంగే. ఇన్నాళ్లూ పిన్ను చివరిదాకా దిగనివ్వనిది అదే.

"దీనికేం వద్దు సార్" అంటాడు.

డిస్‌ప్లే కాంబో, స్ట్రిప్, బోర్డు శుభ్రం చేసినందుకు కలిపి రెండువేల ఎనిమిది వందలు. గూగుల్ తాళం మాటెత్తితే ఫోను కొన్న బిల్లు ఉందా అంటాడు. ఫొటోల మాట ఎత్తకండి, అతని ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది.

బస్సులో ఉండగా మీ ఫోను మోగుతుంది. అత్తగారే, పక్కింటావిడ నంబరు నుంచి. ఎత్తకండి.