పాలీహౌసు సందేశము (సటీకాతాత్పర్యము)

మూలము: "నాయినా, సెలవులని చిన్నోడి చేతికి ఫోన్ ఇయ్యద్దు. రేపు తెల్లారే పాలీహౌసుకు పిల్చకపోయి అంతా చూపించు. ఏమన్నా నేర్చుకోనీ. టోపీ మర్చిపోవద్దు. ఏమీ ముట్టుకోనీయద్దు."

అవతారిక: ఈ గ్రంథం మే నెలలో ఒక రాత్రి పదిన్నరకు బెంగళూరు నుంచి పూతలపట్టుకు వాట్సాప్‌లో దిగింది. గ్రంథకర్త్రి మా అమ్మాయి. యతి లేదు, ప్రాస లేదు, ఆజ్ఞ ఉంది. గణవిభజన చేద్దామని కళ్ళద్దాలు తుడుచుకునేలోగా రెండు టిక్కులూ నీలమైపోయాయి. ఇక చూడలేదని బొంకడానికి వీల్లేదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మూలంలో లేనిది ఒక్కటీ రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నాకు అంత నిగ్రహం లేదు.

నాయినా: సంబోధన. మా చిత్తూరు సీమలో ఈ మాట కన్నతండ్రికీ చెల్లుతుంది, ఒళ్ళో కూర్చున్న ఐదేళ్ళవాడికీ చెల్లుతుంది. ఇక్కడ ఎవరికి చెప్పినట్టు? ఆజ్ఞలు లెక్కపెట్టి తేల్చుకోవాలి. వాక్యాలు ఐదు, ఆజ్ఞలు ఐదు, అయిదూ నామీదే. కనుక తండ్రి అనే అర్థమే గ్రాహ్యం.

సెలవులని: సెలవులు మనవడివి. పని నాది.

పిల్చకపోయి: 'పిలుచుకొని పోయి' అన్నదానికి మా సీమ రూపం. కోస్తావాళ్ళు సంచినీ తీసుకెళ్తారు, పిల్లాణ్ణీ తీసుకెళ్తారు. మేం సంచిని ఎత్తుకొని పోతాం, మనిషిని పిలుచుకొని పోతాం. పిలిస్తే రావాలా వద్దా అన్నది మనిషి ఇష్టం. ఆ తెల్లవారి నేను పిలిచాను. వాడు రానన్నాడు. మోపెడ్ మీద ముందు నిలబెడతానన్న తర్వాతే వచ్చాడు. కాబట్టి ఈ క్రియలో లంచం గూడా అంతర్భూతమని గ్రహించేది.

పాలీహౌసు: ఇక్కడ కొంచెం ఆగాలి. పాలిథీనుతో కప్పిన హౌసు, పాలీహౌసు. పాఠ్యపుస్తకాల వాళ్ళు హరితగృహం అంటారు, ఆ మాట పలికే రైతును నేనింతవరకు చూడలేదు. 200 మైక్రాన్ల మందం పట్ట, ఇనుప గొట్టాల చట్రం, పక్కలకు దోమతెరలాంటి వల. బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసినవాడు గనుక మావాడు గాజు కోసం వెతికాడు. అక్కడి అద్దాల మేడ 1889 నాటిది, 1851లో లండన్లో జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి చేసింది. "తాతా, ఇది పెండ్లి షామియానా గదా" అన్నాడు. రూపకాలంకారం. దోషం లేదు.

శంక: చలిదేశాల్లో వేడి జారిపోకుండా కట్టుకున్న ఇల్లు ఇది. మే నెలలో పూతలపట్టులో వేడికి కరువా? కట్టడమెందుకు?

సమాధానం: మాట అదే, పని వేరు. అలంకారశాస్త్రంలో దీన్ని విపరీతలక్షణ అంటారు, తిడుతూ 'ఎంత మంచివాడివిరా' అన్నట్టు. ఇక్కడ ఇంటికి వేడిని పట్టుకొనే పని లేదు. మండే ఎండను నీడవలతో తగ్గించాలి, వడగళ్ళను ఆపాలి, ముఖ్యంగా తెల్లదోమను గడప దాటనీయకూడదు. టమేటాకు ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే. మదనపల్లె మార్కెట్‌కు పోయే కాయ బతుకు ఇట్లాంటి షెడ్లలో, నారు దశలోనే సగం తేలిపోతుంది.

అసలు గాజింట్లో వేడి ఎందుకు నిలుస్తుందో పండితులకే చాలాకాలం తికమక. 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే అమెరికా ఆయన రెండు పెట్టెలు చేసి, ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి వేడి కిరణాలను ఆపని రాతిఉప్పు పలక పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ ఇంచుమించు ఒకేలా కాగాయి. అంటే కిరణాల మాయ కంటే, లోపల కాగిన గాలికి బయటికి దారి లేకపోవడమే పెద్ద కారణం. అద్దాలు మూసిన బస్సు ఎండలో ఆగితే ఏమవుతుందో మనకందరికీ తెలిసిందే. ఈ సంగతి మావాడికి చెప్పాను. వాడు అప్పటికే వాకిట్లో ఉన్నాడు. వాకిలి సంగతి తర్వాత వస్తుంది.

ఊరి పేరు గూడా ఈ ఇంటికి తగిందే. పూతలు పట్టే చోటు పూతలపట్టు. ఇది నా సొంత వ్యుత్పత్తి, శాసనాలు అడగవద్దు. ఏటా మామిడికి పూత నిలిచిందా రాలిందా అని సంక్రాంతి పోయినప్పటి నుంచీ దిగులుపడే సీమలో ఇంతకన్నా మంచి అర్థం దొరకదు. మా జిల్లా కుప్పంలో 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం మొదలైనప్పుడు చుక్కచుక్కగా నీళ్ళు తాగే చెట్లను చూడడానికి జనం బస్సులెక్కి పోయారు. 2005-06లో జాతీయ ఉద్యాన మిషన్ వచ్చాక పాలీహౌసు పక్కన సబ్సిడీ అనే విశేషణం వచ్చి చేరింది. విశేషణం ముందు, విశేష్యం తర్వాత అన్న వ్యాకరణం ఇక్కడ గూడా చెల్లింది.

అంతా: సర్వనామం. అతివ్యాప్తి దోషం ఉంది. అంతా చూపించడం ఎవరి తరం? అయినా ప్రయత్నించాను. ట్రేల వరసల దగ్గర నిలబెట్టి, "ఒక్కో గుంతలో కొబ్బరిపొట్టు, దాంట్లో ఒక్కటే విత్తనం" అన్నాను. వాడు అడ్డానికి ఏడు, నిలువుకు పద్నాలుగు లెక్కపెట్టాడు. ఏడు పద్నాల్గులు తొంభై ఎనిమిది అని ఎక్కం అప్పజెప్పాను. "నూరుండాల గదా తాతా, ఆ రెండూ ఎవరు తినేసినారు?" దీనికి నా దగ్గర వ్యాఖ్య లేదు. నర్సరీ ఆయన్ని అడిగితే ఆయనా నవ్వి, ట్రే చేసినవాణ్ణి అడగాల్సిందే అన్నాడు.

పక్క షెడ్డులో కీర దోస తీగలు తాళ్ళకు ఎగబాకి ఉన్నాయి. ఈ రకానికి తుమ్మెద అక్కర్లేదు, పుప్పొడి అక్కర్లేదు, పిందె తనంత తనే కాయవుతుంది. కర్ణుడికైనా తండ్రిగా సూర్యుడున్నాడు, ఈ కాయకు ఆ మాత్రమూ లేదు. తీగకు ఎండ కావాలి గదా, ఆ లెక్కన సూర్యుడే తండ్రి అని వాదించేవాళ్ళతో నేను పోట్లాడను. రోము చక్రవర్తి తిబేరియస్ దాదాపు రోజూ దోస జాతి కాయ తినేవాడనీ, అందుకని మళ్ళను చక్రాలమీద పెట్టి ఎండలోకి తోసేవాళ్ళనీ, చలికి వెలుగు సాగే రాతిపలకల కిందికి లాగేవాళ్ళనీ రోము రచయిత ప్లినీ రాశాడు. రెండువేల ఏళ్ళ కిందట రాజుగారి నాలుకకోసం పడ్డ పాటు ఇప్పుడు చిత్తూరు సంతకు వస్తున్నది. మావాడు ఒక కాయ కొరికి, "చప్పగుంది" అన్నాడు.

టోపీ: ఇక్కడ పాఠాంతరం ఉంది. మా ఇంటామె పాఠంలో 'తువ్వాలు'. టోపీ గాలికి ఎగిరిపోతుంది, తువ్వాలైతే తలకు చుట్టుకోవచ్చు, మూతి తుడుచుకోవచ్చు, దోసకాయ మూట గట్టుకోవచ్చు అని ఆమె వాదం. రెండూ తీసుకుపోయి రెండు పాఠాలనూ గౌరవించాను.

ఏమీ ముట్టుకోనీయద్దు: నిషేధం. ట్రేలు మోస్తున్న అక్క ఒకామె ఒక నారుమొక్కను వేళ్ళతో సహా, కొబ్బరిపొట్టు ముద్ద చెదరకుండా గుంతలోంచి లాగి వాడి అరచేతిలో పెట్టింది. నిషేధం పెట్టింది వాడికి, ఆమెకు కాదు. కనుక ఉల్లంఘన జరగలేదని నా నిర్ణయం. వాడు ఆ తెల్లటి వేళ్ళ గూడును చూసి, "దీనికి లోపల సేమియా ఉండాది" అన్నాడు.

నేర్చుకోనీ: క్రమం తప్పి చివర్న పెట్టాను, ఎందుకంటే నాకు చివర్న అర్థమైంది. వాకిలి సంగతి ఇక్కడ చెప్పాలి. పాలీహౌసుకు ఒకటి కాదు, రెండు తలుపులు. మధ్యన నలుగురు పట్టే చిన్న గది. బయటి తలుపు మూస్తే గాని లోపలి తలుపు తీయకూడదు, మనతో గూడా వచ్చిన దోమ అక్కడే ఆగిపోవాలి. ఆ గదిలో పసుపు అట్టలు వేలాడుతుంటాయి, వాటికి జిగురు. తెల్లదోమకు పసుపంటే మోజు, వచ్చి అంటుకుంటుంది. ఇంతా ఒక్కసారి నర్సరీ ఆయన చెప్పాడు. ఆపైన మావాడు అక్కడినుంచి కదిలితే ఒట్టు. అట్టమీద దోమల్ని లెక్కపెట్టాడు. గొళ్ళెం వేశాడు, తీశాడు. "ఈ పొద్దుకు నువ్వే గేటు మనిషివి" అని ఆయన అనేసరికి, ట్రేలు ఎత్తుకొచ్చే అక్కలందర్నీ మధ్య గదిలో నిలబెట్టి, వెనక తలుపు పడిందో లేదో చూసి మరీ లోపలికి వదిలాడు. నెత్తిన బరువుతో వాళ్ళూ నవ్వుకుంటూ నిలబడ్డారు. నేను లోపల పత్రహరితం గురించి చెబుతూ ఉన్నాను, తీగలకు.

మూలంలో 'నేర్పించు' అని లేదు. 'నేర్చుకోనీ' అని ఉంది. ముప్పై ఏళ్ళు ప్రేరణార్థకాలు బోర్డుమీద రాసినవాణ్ణి, అనుమతి క్రియను ప్రేరణగా చదువుకొని పోయాను.

తాత్పర్యము: ఓ తండ్రీ, పిల్లవాని చేత సెల్లు పెట్టక, పొద్దున్నే పట్టింటికి పిలుచుకొని పోయి, తలకు గుడ్డ కట్టి, నువ్వు కొంచెం పక్కకు జరుగు, అని భావము.

ఫలశ్రుతి: ఆ సాయంత్రం వీడియో కాల్ వచ్చింది.

"ఏం చూసినావు నాయినా?"

"వాకిలి."

"ఇంకా?"

"ఇంకో వాకిలి."

మా అమ్మాయి ముఖం నా వైపు తిరిగింది. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను. రాత్రి అన్నాల వేళకు మావాడు వరండా గ్రిల్లుకూ నడవ తలుపుకూ మధ్య కాపలా కాశాడు. మజ్జిగ చెంబుతో వచ్చిన అవ్వను ఆపేశాడు. గ్రిల్లు మూస్తే గాని తలుపు తీయనన్నాడు. గ్రిల్లుకు గొళ్ళెం ఊడిపోయి రెండేళ్ళయింది. అవ్వ ఆ పూట పసుపు చీర కట్టుకోవడం ఆమె ఖర్మ. "నువ్వు ఈడే నిలబడు అవ్వా, దోమలంతా నీకే అంటుకుంటాయి" అన్నాడు.