పోపు ఎక్కువ, పప్పు తక్కువ

స్వర్గం గేటు తాళాలు పేతురుగారి దగ్గర ఉంటాయని క్రైస్తవుల నమ్మకం. 2025 ఫిబ్రవరిలో మాత్రం ఆ తాళాల గుత్తి మా బరంపురం గేట్ బజార్‌లో, ఒక టీ బడ్డీ బల్ల మీద ఉంది. పక్కనే నూనె ఓడుతున్న పకోడీల పొట్లం, ఒక ఫోను.

“పోనాడంట,” అన్నాడు ఫోను ఆసామి.

“ఎవులు?”

“పోపు.”

మా ఇంట్లో పోపంటే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. అది మాడిపోవడం ఎరుగుదును గానీ, పోవడం ఎరగను. ఏ పోపు అని అడిగాను.

“రోమ్‌లో పెద్దాయన. పోయి రెండ్రోజులైందంట. పైకి సెప్పట్లేదు. లోపల దాసేసినారు.”

ఈ ఆసామి కథోలికుడు కాదు. రెండేళ్లకోసారి బూఢీ ఠకురాణి యాత్ర వస్తే ఇంటిల్లిపాదికీ మొక్కులు తీర్పించే మనిషి. బరంపురానికి 1974 నుంచి సొంత మేత్రాసనం ఉందనీ, ఇక్కడో మేత్రాణులవారు (బిషప్) ఉంటారనీ ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆయనకు రోమ్‌తో నేరుగా సంబంధం, మధ్యలో వాట్సాప్ తప్ప మరెవరూ లేరు. ఆ పోయినాయన పేరేమిటని అడిగితే కాస్త తడుముకున్నాడు. చావు ఖాయంగా తెలుసు, పేరే గుర్తు లేదు.

అప్పటికి సంగతి ఇది. పోప్ ఫ్రాన్సిస్‌కు 88 ఏళ్లు. కుర్రతనంలో, 21వ ఏట, ఒక ఊపిరితిత్తిలో కొంత భాగం కోసి తీసేశారు. మిగిలిన దానితోనే అరవై ఏడేళ్లు నెట్టుకొచ్చాడు. ఫిబ్రవరి 14న బ్రాంకైటిస్‌తో రోమ్‌లోని జెమెల్లీ ఆసుపత్రిలో చేరాడు. నాలుగు రోజులకు రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా అని తేలింది. 22న ఊపిరాడక ఇబ్బందిపడ్డాడు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, రక్తం ఎక్కించారు.

ప్లేట్‌లెట్లు అన్న మాట విన్నాక మా బడ్డీని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. బ్రాంకోస్పాజం గురించి ఎవరికీ తెలియదు, నోరు తిరగదు కూడా. ప్లేట్‌లెట్లంటే ఎవరికి తెలియదు? ప్రతి వానాకాలం డెంగ్యూ వచ్చి గంజాం జిల్లా మొత్తానికి పాఠం చెప్పి పోతుంది. “ఎంతకి పడిపోనాయి? యాభై వేలా, ఇరవయ్యా?” అని ఒకరు. “బొప్పాయి ఆకు రసం పట్టించమను, రెండు పూటల్లో లక్ష దాటకపోతే నన్నడుగు,” అని మరొకరు. ఈ రెండో ఆయన అడ్రసు జెమెల్లీ డాక్టర్ల దగ్గర లేకపోవడం ఇటలీ దురదృష్టం. వాళ్ల దగ్గర ఖరీదైన మందులున్నాయి గానీ బొప్పాయి చెట్టున్న పెరడు లేదు.

వాటికన్ వాళ్లేమో ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున ప్రకటనలిచ్చారు. రాత్రి ప్రశాంతంగా గడిచింది, పోప్ విశ్రాంతి తీసుకున్నారు. ఈ వాక్యం మనకు కొత్తేమీ కాదు. 2016లో చెన్నై ఆసుపత్రిలో జయలలిత 75 రోజులున్నప్పుడు ఆవిడ ఇడ్లీ తిన్నారన్న మాట విన్నవాళ్లం. ఆ దెబ్బతో మనకు ఒక వ్యాకరణం అబ్బింది: బాగున్నారంటే బాగోలేదని, నిలకడగా ఉందంటే అయిపోయిందని. రోమ్‌లోనూ ఇలాంటి సామెతే ఉంది, పోప్ చచ్చేదాకా ఆరోగ్యంగానే ఉంటాడట. తప్పు పూర్తిగా విన్నవాళ్లదే అనలేం. దాచి దాచి నమ్మకం పోగొట్టుకున్న ఇల్లు అది. అయితే ఈసారి వాళ్లు నిజంగానే చాలా చెప్పారు. ఊపిరి ఇబ్బంది, రక్తం ఎక్కించడం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, అన్నీ చెప్పారు. అంత వివరంగా చెబుతున్నారంటే ఇంకేదో దాస్తున్నారని మా బడ్డీ తీర్పు. తక్కువ చెబితే చచ్చినట్టు, ఎక్కువ చెబితే చచ్చి చాలా రోజులైనట్టు.

మార్చి 6న ఆయన గొంతు వినిపించారు. స్పానిష్‌లో నాలుగు ముక్కలు, మాటకీ మాటకీ మధ్య ఆయాసం. “అది మెషీన్ గొంతు,” అన్నాడు మా ఆసామి. 16న ప్రార్థన మందిరంలో వెనక నుంచి తీసిన ఫొటో వచ్చింది. “మొహం ఏదీ?” అన్నాడు. 23న, 38 రోజుల తర్వాత, ఆయనే చక్రాల కుర్చీలో బాల్కనీలోకి వచ్చాడు. అప్పుడు ఆసామి కాసేపు ఆలోచించి, “మొహం వాసినట్టు లేదూ?” అన్నాడు. బతికుండటాన్ని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో పింఛన్ల కోసం ఏటా బ్యాంకు మెట్లెక్కే మన ముసలివాళ్లను అడిగితే చెబుతారు. పోప్ అయినంత మాత్రాన మినహాయింపు ఉంటుందా?

ఇంతకీ మా ఆసామిని ఒక్కణ్ణే ఆడిపోసుకోవడం అన్యాయం. ఆయన గొప్ప సంప్రదాయానికి వారసుడు. 1958 అక్టోబరులో పన్నెండో పయస్ అవసానదశలో ఉన్నాడు. లోపలి మనిషి ఒకరు ఫలానా కిటికీ తెరిస్తే ప్రాణం పోయినట్టు లెక్క అని విలేకరులు ముందే మాట్లాడుకున్నారట. పాపం ఎవరో గాలి రావడం లేదని కిటికీ తెరిచారు. రోమ్ పత్రికలు నల్ల అంచులతో బజారుకెక్కాయి. ఆయన పోయింది ఆ మర్నాడు, 9వ తేదీ తెల్లవారుజామున. ఆయన వైద్యుడు గలెయాజ్జీ-లీసీ అంతకన్నా ఘనుడు. చదివింది కంటి వైద్యం. పోప్ ఆఖరి ఘడియల కథనాన్నీ ఫొటోలనూ పత్రికలకు అమ్ముకున్నాడు. కంటి డాక్టరు కదా, చూసిందంతా చూపించాలనుకున్నాడు కాబోలు.

అది ఇటలీ అనుకుంటే, మన పార్లమెంటు మాటేమిటి? 1979 మార్చి 22న సాక్షాత్తూ ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో జయప్రకాశ్ నారాయణ్ ఇక లేరని ప్రకటించారు. సభ నివాళులర్పించి వాయిదా పడింది. ఆకాశవాణి దేశమంతా చాటింది. బొంబాయి జస్లోక్ ఆసుపత్రిలో జేపీ మాత్రం శుభ్రంగా ఊపిరి తీసుకుంటున్నారు. ఆ తర్వాత ఆరున్నర నెలలు బతికి, అక్టోబరు 8న వెళ్లిపోయారు. తన సంతాప సభ జరిగిపోయాక కూడా ఆ మనిషి రోజూ మందులు మింగాల్సి వచ్చింది. అప్పుడు వాట్సాప్ లేదు, ఫార్వర్డ్ నొక్కే వేలు లేదు. ఉన్నది భారత ప్రభుత్వం. అది చాలింది.

మొన్న మొన్న, 2023 మార్చిలో, మన కోట శ్రీనివాసరావు తాను పోలేదని తానే వీడియో తీసి చెప్పుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్ వార్త నమ్మి ఇంటికి బందోబస్తుకు పోలీసులు కూడా వచ్చారని ఆయనే వాపోయారు. ఎన్ని సినిమాల్లో చచ్చినా రాని ఖ్యాతి బతికున్నందుకు వచ్చింది.

మళ్లీ బడ్డీకి వద్దాం. అక్కడ రెండో పార్టీ ఒకటి ఉంది, రాజీనామా పార్టీ. “88 ఏళ్లొచ్చినాయి, దిగిపోవచ్చు గదా? ఆ ముందాయన దిగిపోలేదా?” నిజమే, 2013లో పదహారో బెనెడిక్ట్ దిగిపోయాడు. ఫ్రాన్సిస్ కూడా తాను జబ్బుతో పని చేయలేని స్థితికి వస్తే చెల్లేలా రాసిన రాజీనామా పత్రం పదవికొచ్చిన కొత్తల్లోనే సంతకం పెట్టి ఇచ్చేశానని 2022లో చెప్పాడు. ఈ సంగతి మా రాజీనామా పార్టీ నాయకుడి చెవిన వేశాను. ఆయన వయసు 74. ఆయన పెద్దకొడుక్కి 48. అప్పడాలు, వడియాలు, ఊరగాయల దుకాణంలో గల్లాపెట్టె తాళం ఈనాటికీ తండ్రి మొలతాడుకే వేలాడుతోంది. నా మాట విని ఆయన ఆ తాళాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత రష్యా యుద్ధం గురించి మాట్లాడాడు.

మూడోది జోస్యం పార్టీ. ఐర్లండులో 12వ శతాబ్దపు మేత్రాణి సెయింట్ మలాకీ పేరు మీద 112 మంది పోపుల జాబితా ఒకటి తిరుగుతోంది. దాని ప్రకారం చివరివాడు ‘రోమీయుడైన పేతురు’, వాడి కాలంలో రోమ్ సర్వనాశనం. లెక్కకు చివరి అంకె ఫ్రాన్సిస్‌కు వచ్చింది. ఆయన పేరేమో హోర్హె, ఊరు బ్యూనస్ ఎయిరిస్. అయితేనేం, తండ్రిది ఇటలీ కదా! ఆ జాబితా అచ్చయింది 1595లో. అంతకు ముందటి పోపులకు కుట్టించిన చొక్కాలా సరిపోతుంది, తర్వాతి వాళ్లకు మాత్రం పట్టుకుని సాగదీయాలి. బ్రహ్మంగారి పేరు చెప్పి మనవాళ్లు చేసేది ఇదే కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. తుపాను వచ్చాక, కరోనా వచ్చాక, వంతెన కూలాక, అన్నీ బ్రహ్మంగారు చెప్పినవే. పాపం ఆయన ముందే చెప్పినట్టు ముందే ఎవరికీ తెలియదు.

వీళ్లందరికన్నా నన్ను కలచింది కర్చీఫు పార్టీ. కిటికీలోంచి బస్సు సీటు మీద కర్చీఫు వేసే విద్య మనకు పుట్టుకతో వచ్చిందే. అయినా, సీట్లో మనిషి కూర్చునుండగా ఆయన ఒళ్లో కర్చీఫు వేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఇంకా ఆక్సిజన్ మీద ఉండగానే తర్వాతి పోప్ ఎవరన్న లెక్కలు మొదలయ్యాయి. ‘కాన్‌క్లేవ్’ సినిమా చూసొచ్చిన కుర్రాళ్లు ఓట్లు ఎలా కాలుస్తారో, ఏ పొగ ఎప్పుడొస్తుందో చెప్పేస్తున్నారు. లోకంలో పందేలు కూడా కాశారు. పోప్ ఎన్నిక మీద పందెం కాస్తే వెలివేస్తానని 1591లోనే పద్నాలుగో గ్రెగరీ ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చిందంటే, ఈ జాడ్యం ఎంత పాతదో చూడండి. మా బడ్డీలోనైతే, “మనోడే రాబోతున్నాడు” అన్నారు. మనోడంటే కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోనీ గారు, హైదరాబాద్ అగ్రపీఠాధిపతి. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. ఆ టోపీ ఆయనకు పెట్టింది ఆ ఆసుపత్రిలో ఊపిరాడక పడున్న ముసలాయనే. ఆ సంగతి ఎవరూ అనలేదు.

దీనంతటికీ మూలం మా ఇళ్లలోనే ఉందని నా అనుమానం. పదేళ్ల కిందట మా పెదనాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లను నేను దగ్గరుండి చూశాను. చేతిలో ఒక హార్లిక్స్ సీసా, నాలుగు ఆపిల్ పళ్లు. మంచం పక్కన స్టూలు లాక్కుని, “మా తోడల్లుడికీ ఇదే జబ్బు. బాగానే ఉన్నాడు, బాగానే ఉన్నాడు, మంగళవారం పొద్దున్న టక్కున...” అని చిటికె వేయడం. ఇంకొకాయన తలవైపు నిలబడి, సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ, ఇచ్ఛాపురంలో ఉన్న పొలం ఎవరి పేరున ఉందని మా అన్నయ్యను అడిగాడు. మెల్లగానే అడిగాడు లెండి. రోగికి చెవుడు ఉండాలని ఆయన ఆశ. మా పెదనాన్న కళ్లు మూసుకునే, “ఆ ఆపిల్ పళ్లు పట్టుకుపోరా, దినాలకి పనికొస్తాయి,” అన్నాడు. ఫ్రాన్సిస్ కూడా ఈ బాపతు మనిషే. ఇటలీ ప్రధాని మెలోనీ పరామర్శకు వెళితే ఆయనతో హాస్యాలాడానని, మనిషి మారలేదని చెప్పింది. 2023లో ఇదే ఆసుపత్రి నుంచి బయటికొస్తూ ఇంకా బతికే ఉన్నానని నవ్వాడు. అంతకు ముందు 2021లో పేగు ఆపరేషన్ అయ్యాక, తాను పోవాలని కోరుకున్నవాళ్లున్నారని, ఎన్నికకు సర్దుకుంటున్నారని స్లోవేకియాలో తన జెసూయిట్ సోదరులతో పైకే అనేశాడు. సెలైన్ చుక్కలు లెక్కపెట్టేవాళ్లు ఆయనకూ ఉన్నారన్నమాట.

ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా వీధిలో ఆయన కోసం జపమాల చెప్పిన ఇల్లు నాకు తెలిసి ఒక్కటే. సాయంత్రం తలుపు దగ్గరకు వేసి చెప్పుకునేవారు. స్టేటస్ పెట్టలేదు. ఒకసారి ఆ ఇంటావిణ్ణి ఆగి అడిగాను, ఎలా ఉందట పాపుగారికి అని. “మనకేటి తెలుస్తాది బాబూ, ఆయనకి సుస్తీ,” అంది. రెండు నెలల్లో గేట్ బజార్‌లో నేను విన్న ఒకే ఒక్క సరైన వైద్య సమాచారం అది.

ఫోనుతో ఇంకో పని కూడా చేయొచ్చు. గాజాలో కథోలికులకున్నది ఒకే ఒక్క విచారణ (పారిష్). యుద్ధం మొదలైనప్పటి నుంచి ఫ్రాన్సిస్ సాయంత్రమైతే అక్కడికి ఫోను చేసి, ఏం తిన్నారు, ఎలా ఉన్నారు అని అడిగేవాడు. ఆసుపత్రిలో చేరాక కూడా చేశాడు. మార్చి 23న బాల్కనీలోంచి, మాట పెగలని గొంతుతో, కింద జనంలో ఒక ముసలావిడ చేతిలో పసుపుపచ్చ పూలు చూసి మెచ్చుకున్నాడు. మొహం వాచిందని కనిపెట్టిన మా ఆసామికి ఆ పూలు కనిపించలేదు.

ఏప్రిల్ 21, ఈస్టర్ మర్నాటి సోమవారం. రోమ్‌లో ఉదయం 7:35, మన గడియారంలో 11:05. పక్షవాతం, ఆపైన గుండె ఆగడం. ముందురోజే ఆయన చౌకులో జనం మధ్య బండిలో తిరిగాడు. మన ప్రభుత్వం మూడు రోజుల సంతాపం ప్రకటించింది. మే 8న తెల్లపొగ వచ్చి, 267వ పోప్‌గా అమెరికాలో పుట్టిన పద్నాలుగో లియో కూర్చున్నాడు. రోమ్ ఎక్కడికీ పోలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం వార్త తెలిసి బడ్డీ దగ్గరికి వెళ్లాను. ఆసామి పకోడీ నములుతున్నాడు. చెప్పాను. ఆయన ఫోను వైపు కూడా చూడలేదు.

“పాత వార్త,” అన్నాడు.